పక్క చేనిలో బోరు పడింది, మనమూ వేయాలా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. నాన్నకు ఆరెకరాల పొలం ఉంది. మూడెకరాల్లో పన్నెండేళ్ల చీనీ (బత్తాయి) తోట, ఒక ఎకరంలో రబీకి ఇంటి తిండి కోసం వరి, మిగతాది వాన మీద ఆధారపడిన శనక్కాయ చేను. మా బోరు 420 అడుగులు. నిరుడు పక్క చేను మామ 800 అడుగుల బోరు వేశాక మాది ఆగి ఆగి పోస్తోంది. నాన్న ఇప్పుడు 1,000 అడుగులకు వేద్దామంటున్నారు. కేసింగు, మోటారు, పైపులు అన్నీ కలిపి 3 లక్షలు దాటుతుంది. అమ్మ నగలు తాకట్టు పెట్టి, తగ్గింది నన్ను పంపమంటున్నారు. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను, సర్దగలను. కానీ మేం వేస్తే కింది చేనిలో పెదనాన్న బోరు పోతుందేమోనని భయం. ఆయనకు ఆ బోరే ఆధారం. మేం ఆగినా ఇంకొకరు వేస్తారు, మా తోట ఎండుతుంది. ఇలా అందరూ తవ్వుకుంటూ పోతే ఊళ్లో నీళ్లే మిగలవని తెలుసు. తెలిసి కూడా డబ్బు పంపాలా? మేమొక్కరం ఆగితే ఎవరికి లాభం? నాన్నకు ఏం చెప్పాలి?

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న "మేమొక్కరం ఆగితే ఎవరికి లాభం?" అన్నది. ముందు దానికే జవాబు చెబుతాను. ఎవరికీ లాభం లేదు. మీరు బోరు వేయకుండా, వరి వేయకుండా మిగిల్చిన నీళ్లు మీ చేని కింద మీ కోసమే దాగి ఉండవు. మామ మోటారు ఇంకో గంట ఎక్కువ తిరుగుతుంది, అంతే. మీ నాన్న ఆశపోతు కాదు, మామ చెడ్డవాడూ కాదు. ఎవరి గట్టు లోపల నిలబడి చూస్తే వారి లెక్క సరిగ్గానే ఉంది. ఆ లెక్కలన్నీ ఒకే నీటి మీద పడటంతోనే చిక్కు వచ్చింది.

కాబట్టి ఒంటరిగా త్యాగం చేయమని మీకు చెప్పను. అలాగని డబ్బు పంపమనీ చెప్పను. ఇంకో దారి ఉంది. దానికి ఊరంతా కదలనక్కర్లేదు, మీ బోరు చుట్టుపక్కల ఉన్న ఏడెనిమిది కుటుంబాలు కూర్చుంటే చాలు. ఎలా కూర్చోవాలో, ఏం మాట్లాడుకోవాలో చెబుతాను. అంతకంటే ముందు మీ చేని కింద ఏముందో చూద్దాం. నాన్నతో మాట్లాడేటప్పుడు మీకు అక్కరకొచ్చేది అదే.

మీ జిల్లాలో ఎక్కువ భాగం కింద ఉన్నది గ్రానైట్ జాతి గట్టి రాయి. కృష్ణా, గోదావరి డెల్టాల్లో ఇసుక పొరల్లో నీళ్లు నిలిచినట్టు ఇక్కడ నిలవవు. పైన మన్ను, దాని కింద మొరం, ఆ కింద పగుళ్లున్న రాయి. నీళ్లుండేది మొరంలోనూ ఆ పగుళ్లలోనూ. ఒకప్పుడు బావుల్లో చేతికందే లోతులో నీళ్లుండేవని పెద్దవాళ్లు చెబుతారే, అప్పుడు మొరం పొర తడిగా ఉండేది. ఆ పొరను తోడేసుకున్నాం. ఇప్పుడు రాతి పగుళ్ల మీద పడ్డాం. లోతుకు పోయేకొద్దీ పగుళ్లు తగ్గుతాయి, ఉన్నవీ సన్నబడతాయి. 420 అడుగులకు వచ్చిన నీళ్లకు 1,000 అడుగులకు రెండింతలు వస్తాయన్న హామీ లేదు. చాలాసార్లు లోతు బోరు కొత్త నీళ్లను కనిపెట్టదు, పై పగుళ్లలో ఉన్నవాటినే కిందికి దించుకుంటుంది.

మామ బోరు పడ్డాక మీది ఆగి ఆగి పోయడానికి కారణం బహుశా ఇదే. మోటారు తోడుతున్నంతసేపూ ఆ బోరు చుట్టూ నీటి మట్టం గరాటులా దిగుతుంది. పగులు మీ వైపు కలిసి ఉంటే ఆ గరాటు అంచు మీ బోరు దాకా వస్తుంది, మీ మోటారుకు గాలి తగులుతుంది. రేపు మీరు ఇంకా లోతుకు వెళ్తే అదే పని పెదనాన్న బోరుకు జరగవచ్చు. మీ భయంలో అర్థం ఉంది. ఆ తర్వాత ఆయనా అప్పు చేసి 1,200 అడుగులకు పోతారు. ఏడాది తిరిగేసరికి మూడు కుటుంబాలు అప్పులపాలై, ముగ్గురూ పంచుకునే నీళ్లు మాత్రం అన్నే ఉంటాయి.

అన్నే అంటే ఎన్ని? చిన్న లెక్క చేద్దాం. మీ జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఇలాంటి రాతి నేలలో అందులో పదో వంతు భూమిలోకి దిగి నిలుస్తుందనుకుందాం, అంటే 55 మిల్లీమీటర్లు. ఎకరం మీద ఒక మిల్లీమీటరు నీరంటే నాలుగు వేల లీటర్లకు కాస్త పైన. ఆ లెక్కన మీ ఎకరం ఏడాదికి భూమిలో దాచేది 2 లక్షల 20 వేల లీటర్లు. బోరు కింద రబీ వరికి 1,200 మిల్లీమీటర్ల నీళ్లు పెడతారనుకుంటే ఎకరానికి 48 లక్షల లీటర్లు దాటుతుంది. మీ ఇంటి తిండి గింజల కోసం ఆ ఒక్క ఎకరం మడి 22 ఎకరాల్లో ఇంకే వాన నీటిని తాగుతోందన్నమాట. మడిలో పెట్టిన నీళ్లలో కొంత మళ్లీ ఇంకుతుంది, అది నిజమే. సగం తిరిగి ఇంకిందనుకున్నా 11 ఎకరాల నీళ్లు. మీ పొలమంతా కలిపి ఆరెకరాలే కదా.

ఈ లెక్క ఇన్నాళ్లూ ఎవరికీ ఎందుకు తగల్లేదంటే నీళ్లు కనపడవు, ఖర్చూ కనపడదు. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. కరువులతో, అప్పులతో నలిగిపోయిన రైతుకు అది పెద్ద ఊరట, దాన్ని నేను తప్పు పట్టను. కానీ గంటసేపు అదనంగా మోటారు తిప్పితే చేతి నుంచి రూపాయి పోనప్పుడు, ఆపాలన్న ఆలోచన ఎవరికైనా ఎందుకు వస్తుంది? చట్టం చూద్దామా అంటే, 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం ఎవరి భూమి కింద నీళ్లు వారు తోడుకోవచ్చు. 2002లో వాల్టా చట్టం, అంటే నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం వచ్చింది. దాని ప్రకారం కొత్త బోరుకు అనుమతి తీసుకోవాలి, బోరు బండ్లు రిజిస్టరు చేయించాలి, ఊరి ఉమ్మడి తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపు ఇంకో బోరు వేయకూడదు. చట్టం మంచిదే. అయితే రాత్రి వచ్చి తెల్లారేలోపు పని ముగించుకుపోయే బండిని పట్టుకోవడానికి ఏ అధికారి ఎన్ని ఊళ్లు తిరగగలడు? చట్టం మీకు దన్నుగా పనికొస్తుందే తప్ప, మీ నీళ్లకు కాపలా కాయదు.

చెరువుల విషయంలో మన ఊళ్లు ఇలా లేవు. చెరువు కింద సాగు చేసినప్పుడు నీరుగంటి ఉండేవాడు. ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు వదలాలో అతని చేతిలో ఉండేది. చెరువు సగమే నిండిన ఏడాది ఆయకట్టులో ఎంత మేర నాటాలో పెద్దలు కట్ట మీద కూర్చుని తేల్చేవాళ్లు. తగాదాలు లేవని కాదు, పెద్దరైతుల పెత్తనం లేదనీ కాదు. కానీ చెరువు అందరి కళ్ల ముందు ఉండేది. నీళ్లు ఎంత ఉన్నాయో, ఎవరు ఎక్కువ వదులుకున్నారో దాచడానికి వీల్లేదు. బోరు వచ్చాక నీళ్లు కంటికి దూరమయ్యాయి. నా బోరు, నా మోటారు, నా నీళ్లు అనుకోవడం అలవాటైంది. భూమి కింద ఉన్నదీ ఒక చెరువే. దానికి నీరుగంటి లేడు.

మీరు చెబుతున్న చిక్కు మీ ఊరి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కూడా కనిపిస్తుంది. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని రోజుల్లో రైతులు మోటార్లకు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. అర్ధరాత్రి చేనికి పోయి పాములు, తేళ్ల మధ్య స్విచ్ వేసే బాధ తప్పుతుంది, ఎవరికి వారికి అది తెలివైన పనే. కానీ కరెంటు వచ్చిన క్షణంలో అన్ని మోటార్లూ ఒకేసారి లేస్తే వోల్టేజీ పడిపోతుంది, మోటార్ల వైండింగు పోతుంది, ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. వారం రోజులు ఎవరికీ నీళ్లుండవు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చేటప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని అధికారులు ఊరూరా తిరిగి చెప్పింది కూడా నీళ్ల గురించే. అవసరం లేకపోయినా మోటారు రాత్రంతా తోడుతుందని వాళ్ల భయం. ఒక్క రైతు తన స్టార్టరు పీకేస్తే ట్రాన్స్‌ఫార్మర్ బతకదు. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్నవాళ్లంతా వంతులు వేసుకుంటే బతుకుతుంది. మీ ఊళ్లో ట్రాన్స్‌ఫార్మర్ కాలినప్పుడు రైతులు తలా కొంత చందా వేసుకుని బాగు చేయించుకోవడం మీరు చూసే ఉంటారు. ఆ చందా వేసుకున్న మనుషులే నీళ్ల మాటకూ కూర్చోగలరు.

ఇదంతా అయ్యే పనేనా అని మీకు అనుమానం రావచ్చు. ఇలాంటి చోట్ల మనుషులు చేజేతులా వనరును నాశనం చేసుకుంటారని, ప్రభుత్వం పట్టుకుంటేనో ఎవరికి వారికి పంచేస్తేనో తప్ప ఆగదని చాలాకాలం పండితులు నమ్మారు. 1968లో గారెట్ హార్డిన్ అనే అమెరికా శాస్త్రవేత్త ఉమ్మడి పచ్చిక బయలును ఉదాహరణగా తీసుకుని రాసిన వ్యాసంతో ఆ మాట ప్రపంచమంతా పాకింది. ఎలినార్ ఆస్ట్రమ్ అనే ఆవిడ దాన్ని ఒప్పుకోలేదు. 2009లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ అందుకున్న మొదటి మహిళ ఆమె. ఆమె తొలి పరిశోధన సరిగ్గా మీ సమస్య మీదే. లాస్ ఏంజెలెస్ పక్కన సముద్రం ఒడ్డున ఉన్న వెస్ట్ బేసిన్‌లో పట్టణాలు, కంపెనీలు పోటీపడి భూగర్భ జలం తోడేవి. మట్టం దిగి సముద్రపు ఉప్పునీరు లోపలికి రావడం మొదలైంది. ఒకరు తగ్గిస్తే మిగతావాళ్లు లాగేస్తారని అందరికీ భయం, మీ ఊరిలాగే. చివరికి వాళ్లు తోడకాన్ని తగ్గించుకునే ఒప్పందానికి వచ్చారు. అత్యధికులు సంతకం పెడితేనే అది అమల్లోకి వస్తుందని అందులో షరతు పెట్టుకున్నారు. "మిగతావాళ్లు తగ్గిస్తే నేనూ తగ్గిస్తాను, లేకపోతే నా సంతకానికి విలువ లేదు" అని. ఎవరూ మోసపోయే భయం లేకుండా ముందడుగు వేయగలిగారు. ఎవరు ఎంత తోడారో కొలిచి ఏటా అందరికీ చెప్పే ఏర్పాటు కూడా చేసుకున్నారు.

అమెరికా దాకా పోనక్కర్లేదంటే మహారాష్ట్రలో హివ్రే బజార్ ఉంది. అహ్మద్‌నగర్ (ఇప్పుడు అహిల్యానగర్) జిల్లాలో వాన తక్కువ పడే ఊరు. పోపట్‌రావ్ పవార్ సర్పంచిగా ఉన్నప్పుడు గ్రామసభలో కూర్చుని సాగు కోసం బోర్లు వేయకూడదని, చెరకు, అరటి లాంటి నీళ్లు తాగే పంటలు పెట్టకూడదని తీర్మానించుకున్నారు. ఏటా వాన లెక్క చూసుకుని ఆ ఏడాది ఏ పంట ఎంత వేయాలో తేల్చుకుంటారు. పవార్‌కు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. అయితే ఆ ఊరిని చూపించి మీ నాన్నను ఒప్పించాలని చూడకండి. "అక్కడ అలాంటి సర్పంచి ఉన్నాడు, ఇక్కడెవరున్నారు" అంటారు, అందులో తప్పు లేదు.

మీ నాన్నకు చెప్పాల్సింది మన దగ్గర జరిగింది. 2003 నుంచి కొన్నేళ్లపాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అనంతపురం, కడప, కర్నూలు, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో 600కు పైగా ఊళ్లలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో రైతులే భూగర్భ జలాన్ని కొలుచుకునే కార్యక్రమం నడిచింది. ఎవరినీ ఏదీ మానమని చెప్పలేదు, తగ్గించినందుకు డబ్బూ ఇవ్వలేదు. వానమాని పెట్టి వాన కొలవడం, పదిహేను రోజులకోసారి కొన్ని బావుల్లో, బోర్లలో మట్టం చూడటం, బోరు ఎన్ని లీటర్లు పోస్తోందో లెక్కగట్టడం రైతులకు, అందులోనూ ఆడవాళ్లకు నేర్పారు. అంకెలు ఊళ్లో గోడ మీద రాసేవాళ్లు. రబీ ముందు అందరూ కూర్చుని, ఉన్న నీళ్లెన్ని, వేయాలనుకుంటున్న పంటలకు కావాల్సినవెన్ని అని లెక్క చూసేవాళ్లు. చాలా చోట్ల ఎవరూ బలవంతపెట్టకుండానే వరి తగ్గింది, నీళ్లు తక్కువ తాగే పంటలు పెరిగాయి. అన్ని ఊళ్లలో ఒకేలా జరగలేదు. కానీ నీళ్లు ఎంత ఉన్నాయో అంకెల్లో కనిపిస్తే రైతు చేతులు కట్టుకుని కూర్చోడని తేలింది.

అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మరికొన్ని ఊళ్లు ఇంకో అడుగు వేశాయి. బోర్లున్న రైతులు కొత్త బోర్లు వేయబోమని ఒప్పుకుని, ఉన్న బోర్లను పైపులైనుతో కలుపుకుని, బోరు లేని పక్క రైతు చేనికి కూడా తడి ఇచ్చారు. బోరున్నవాడు తన నీళ్లు ఇంకొకరికి ఎందుకివ్వాలి? దయతో ఇవ్వలేదు వాళ్లు. రేపు కొత్త బోరు వేసేది ఎవరు? ఇవాళ బోరు లేనివాడే. ఎండిపోతున్న శనక్కాయ చూస్తూ గట్టు మీద కూర్చున్నవాడే అప్పు చేసి బండిని పిలుస్తాడు. అతనికి రెండు తడులు అందితే పంట గట్టెక్కుతుంది, అతను బండిని పిలవడు, అందరి బోర్లూ నిలబడతాయి. మీరు చేయబోయే ఒప్పందంలో బోరు లేని రైతును బయట పెట్టారంటే అది ఏడాది కూడా నిలవదని నా గట్టి నమ్మకం.

ఇక మీరు చేయాల్సిన పని. ముందు డబ్బు పంపడం ఆపండి, కానీ నాన్నతో "బోరు వద్దు" అనకండి. ఎండుతున్న తోట పక్కన రోజూ నిలబడేది ఆయన, నెలకోసారి వచ్చే మీరు కాదు. "డబ్బు సిద్ధంగా ఉంది నాన్నా, ఒక్క నెల కొలిచి చూసి వేద్దాం" అనండి. అది అబద్ధం కూడా కాదు. ఈసారి ఊరికి వెళ్లినప్పుడు 200 లీటర్ల డ్రమ్మును డెలివరీ పైపు కింద పెట్టి, ఫోనులో టైము చూస్తూ ఎన్ని సెకన్లలో నిండుతుందో రాసుకోండి. మోటారు వేసిన వెంటనే ఒకసారి, రెండు గంటల తర్వాత ఇంకోసారి, గాలి రావడం మొదలయ్యాక మరోసారి. ఉదాహరణకు డ్రమ్ము 100 సెకన్లకు నిండితే గంటకు 7,200 లీటర్లు. రోజుకు కరెంటు ఉండే తొమ్మిది గంటలూ ఆగకుండా పోస్తే 64,800 లీటర్లు. ఒక ఎకరం వరికి కావాల్సిన 48 లక్షల లీటర్లకు ఆ బోరు 75 రోజులు చీనీకి ఒక్క చుక్క కూడా ఇవ్వకుండా వరికే పోయాలి. ఈ లెక్క నాన్న చేతనే వేయించండి. తోటకు నీళ్లు చాలడం లేదంటున్న ఆయనకు, నీళ్లు ఎక్కడికి పోతున్నాయో ఆయన లెక్కలోనే తేలుతుంది. ఇంటికి కావాల్సిన బియ్యం మీ జీతంలోంచి కొనిస్తానని అప్పుడు చెప్పండి. మీరు సర్దుదామనుకున్న డబ్బులో అది చాలా చిన్న భాగం.

ఆ తర్వాత నాన్నను వెంటబెట్టుకుని పెదనాన్న దగ్గరికి వెళ్లండి. పెద్దవాడు, పైగా నష్టపోయే అవకాశం ఎక్కువున్నది ఆయనకే. ఆయన ముందు ఒప్పుకుంటే మామ దగ్గర మాట్లాడటం తేలిక. మామతో తప్పొప్పుల మాట ఎత్తొద్దు. "మామా, నీ బోరు ఎన్ని గంటలు పోస్తాంది? మాది మూడు గంటలకే గాలి పట్టుకుంటాంది" అని మొదలుపెడితే ఆయనా తన బాధ చెబుతాడు. 800 అడుగుల బోరుకూ బాధలుంటాయి. అప్పుడు మీ మాట చెప్పండి. మీ చేతిలో బలం ఉందని మరిచిపోకండి. మీరు 1,000 అడుగులకు వేయగలరు, డబ్బుంది, అది మామకూ తెలుసు. "మేం వేయడానికి సిద్ధం. వేయకుండా ఉండటానికీ సిద్ధం. నువ్వు ఇంకా లోతుకు పోనని, వరి వేయనని అంటే మేమూ పోము, వేయము" అనండి. బతిమాలుతున్నట్టు ఉండకూడదు, బెదిరిస్తున్నట్టూ ఉండకూడదు. ఇద్దరికీ రేపటి ఖర్చు తప్పించే బేరం ఇది.

ఏడెనిమిది మంది కూడాక ఒప్పందం చిన్నదిగా ఉండాలి. మూడేళ్లు కొత్త బోరు లేదు, ఉన్నదాన్ని లోతు చేయడమూ లేదు. బోరు కింద వరి లేదు. ఎవరి బోరు పోస్తే వారి దగ్గర్నుంచి మిగతా తోటలకు ప్రాణం నిలిపే తడి అందాలి, బోరు లేని రైతు చేనికి కనీసం రెండు తడులు అందాలి. దానికి పైపులైను కావాలి. మీరు పంపాలనుకున్న 3 లక్షల్లో కొంత అక్కడ పెట్టండి. భూమిలోకి పోయి రాకపోవచ్చన్న డబ్బు కంటే కళ్ల ముందు ఉండే పైపు మేలు. పదిహేను రోజులకోసారి అందరి బోర్లూ అందరి ఎదుటే కొలవాలి. మాట తప్పినవాడికి మొదటిసారి చిన్న జరిమానా చాలు, పైపులైను మరమ్మతు ఖర్చు పెట్టుకొమ్మనడం లాంటిది. మొదటి తప్పుకే వెలివేస్తే మనిషి మళ్లీ కలవడు. ఇలా కాలం నిలిచిన ఏర్పాట్లలో శిక్ష చిన్నగా మొదలై మెల్లగా పెరుగుతుందని ఆస్ట్రమ్ గమనించింది. కాగితం మీద రాసుకుని సంతకాలు పెట్టుకోండి, గ్రామ పంచాయతీలో ఒక ప్రతి ఇవ్వండి. బయటి వాళ్లెవరైనా వచ్చి బోరు వేయబోతే వాల్టా కింద ఫిర్యాదు చేయడానికి అప్పుడు ఎనిమిది గొంతులుంటాయి. మీ మండలంలో భూగర్భ జల శాఖ నీటి మట్టం చూసే పీజోమీటరు ఉండవచ్చు. ఆ అంకెలు అడిగి తీసుకుంటే మీ కొలతలతో పోల్చుకోవచ్చు.

ఇవన్నీ కుదిరేలోపు తోటను కాపాడుకోవాలి. కాలువల్లో నీళ్లు పారిస్తుంటే ముందు డ్రిప్‌కు మారండి, ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మ సేద్య పథకం కింద రాయితీ ఉంది. పాదుల్లో శనక్కాయ పొట్టు, ఎండు ఆకులు పరిస్తే ఆవిరై పోయే నీళ్లు తగ్గుతాయి. నీళ్లు మరీ తక్కువైతే ఈసారి కాయను వదులుకుని చెట్టును బతికించుకోవడం మంచిది. కాయలు దులిపేస్తే నాన్నకు మనసు చివుక్కుమంటుంది, కానీ పన్నెండేళ్ల చెట్టు పోతే మళ్లీ నాటి కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. మీ మండల ఉద్యాన అధికారిని ఒకసారి చేనికి పిలిచి, ఏ చెట్లకు ఎన్ని కాయలు ఉంచాలో ఆయన చేతనే చెప్పించండి. మీరు చెప్పేదానికంటే నాన్న వినే అవకాశం ఎక్కువ.

మామ ఒప్పుకోకపోతే? అది జరగవచ్చు. అప్పుడూ బోరు పోటీలోకి దిగకండి. పెదనాన్న, మీరు, బోరు లేని ఇద్దరు ముగ్గురు కలిసినా ఒప్పందం మొదలుపెట్టవచ్చు. నీళ్లు ఎక్కువ మిగలకపోయినా మీలో మీకు తడి అందే ఏర్పాటు ఉంటుంది. ఒక ఎకరం చీనీ వదులుకోవాల్సి వస్తే బలహీనంగా ఉన్న ఎకరం వదలండి. ఎట్టి పరిస్థితుల్లోనూ అమ్మ నగలు బోరు మీద పెట్టనివ్వకండి. బోరు పడకపోయినా వడ్డీ ఆగదు, తవ్వకానికి పెట్టిన డబ్బు వెనక్కి రాదు. రాయలసీమలో ఎన్ని కుటుంబాలు అక్కడే చితికిపోయాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. సర్వే చేయించినా కొబ్బరికాయతో పాయింటు చూపించినా, లేని నీళ్లు రావు.

కొలతలు మొదలుపెట్టాక మళ్లీ రాయండి. ఎవరు ఒప్పుకోలేదో, ఏమని అభ్యంతరం చెప్పారో వాళ్ల మాటల్లోనే రాయండి. ఒప్పందంలో ఏ షరతు మార్చాలో అప్పుడు చూద్దాం.